పది గ్రాముల తేడా

“మంగళారం నాడు షెడ్డుకు తాళమేసినప్పుడు టైమెంత?”

“అయిదున్నర, సాబ్.”

“గడియారం చూసినవా?”

“లేదు సాబ్. మగ్రిబ్ నమాజుకు పోవాలెనని జల్ది మూసిన. పొద్దు మునగలేదింకా.”

తుకారాం నోటుబుక్కులో 5-30 అని రాసి కింద గీత గీశాడు. ఎదురుగా స్టూలు మీద అయ్యూబ్ కూర్చుని ఉన్నాడు. చేతులకు బేడీలు. నలభై ఏళ్ల మనిషి. రాత్రంతా లాకప్‌లో ఉండి వచ్చినా, షెడ్డులోకి అడుగు పెట్టగానే అతని కళ్లు ముందు వెతికింది తన పనిముట్లనే.

తుకారాం పన్నెండేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేశాడు. జిల్లా అంతా తిరిగి దొంగ తరాజులు పట్టాడు. ఆ ఉద్యోగం వదిలి, నిజామాబాద్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు కట్టి నాలుగేళ్లయింది. ఈ శుక్రవారం ఉదయం ఏడింటికి అయ్యూబ్ భార్య హమీదా తుకారాం గుమ్మం ముందు నిలబడింది. ఏడవలేదు. ఒక్కటే మాట అంది. “మా ఆయన ఇంట్ల కుట్టుమిషన్ బాగు చేసినా, సూది ఊగుతందేమోనని మూడుసార్లు చూస్తడు సాబ్. గసొంటి మనిషి విమానాన్ని ఊగేటట్టు చేసి పంపుతడా?”

ఆ మాట విని తుకారాం కేసు తీసుకున్నాడు. పదకొండింటికి రుద్రూర్ చేరాడు.

జరిగింది ఇది. చెరుకుకు పట్టిన పురుగు మీద మందు చల్లడానికి ఒక కంపెనీ చిన్న విమానాన్ని తెచ్చి, రుద్రూర్ పక్కన చదును చేసిన నేల మీద రేకుల షెడ్డు వేసింది. పైలట్ కెప్టెన్ దీన్‌షా, మేనేజర్ రామ్‌దాస్, మెకానిక్ అయ్యూబ్, కాపలాదారు కొమురయ్య. అంతే మనుషులు. గురువారం ఉదయం ఆరూ నలభైకి లేచిన విమానం ఆరూ యాభై అయిదుకు నరికిన చెరుకు మడిలో పడింది. గాలిలో ఉండగా విపరీతంగా అదిరి, ఇంజన్ ఆయిల్ పైపు విరిగి, ముందు అద్దం నిండా నల్లటి ఆయిల్ చిమ్మింది. దీన్‌షా ఇంజన్ ఆపేసి, కనపడని నేల మీదికి గుడ్డిగా దింపాడు. చక్రాలు విరిగాయి. ఆయన తల ఎదుటి పలకకు తగిలింది. అప్పటినుంచి స్పృహ లేకుండా నిజామాబాద్‌లో ఒక నర్సింగ్ హోంలో ఉన్నాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ హన్మాండ్లు గురువారం మధ్యాహ్నానికల్లా కేసు తేల్చేశాడు. రెండు రోజుల ముందు ప్రొపెల్లర్ విప్పి సరిచేసింది అయ్యూబ్. సోమవారం నలుగురి ముందు అయ్యూబ్‌ను కెప్టెన్ తిట్టాడు. ఆ కోపంతో పని చెడగొట్టాడని, హత్యాయత్నమని రాసుకున్నాడు.

ఇప్పుడు ఆ హన్మాండ్లే, పాత పరిచయం కొద్దీ అయ్యూబ్‌ను ఇక్కడికి రప్పించి, షెడ్డు తలుపుకు ఆనుకుని నిలబడి, తుకారాం ప్రశ్నలు వింటున్నాడు.

“ప్రొపెల్లర్ ఎందుకు విప్పినవ్?” తుకారాం అడిగాడు.

“వారం సంది కెప్టెన్ సాబ్ అదురుతందని అంటుండు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నయన్నడు. రెండు రెక్కలల్ల ఒకటి బరువెక్కువుంటె గట్లనే అయితది. మంగళారం పొద్దుగాల విప్పిన. గా దిమ్మె మీద పెట్టి జోకిన. రెండో నెంబరు రెక్క కిందికి దిగింది. దాన్ని కొంచెం కొంచెం ఆకురాయి పెట్టి రాకిన. రెండింటి కొనలకు పసుపు రంగేసిన. రంగు ఆరినంక మళ్ల పెట్టి చూసిన.”

“రంగుకు గూడ బరువుంటదా?”

“ఎందుకుండది సాబ్? రంగు సుత జోకాలె.”

తుకారాం తల ఊపాడు. కిరాణా కొట్లలో తరాజు పళ్లెం అడుగున అంటించిన చింతపండు ముద్దలు ఆయనకు గుర్తున్నాయి.

“చివరికెట్లొచ్చింది?”

“ఎక్కడ ఆపితె గక్కడ నిలబడ్డది. అడ్డంగ పెడితె అడ్డంగ, నిలువు పెడితె నిలువు. బుధారం పొద్దుగాల ఏడింటికి కెప్టెన్ సాబ్ పది నిమిషాలు తిప్పి దిగిండు. చాయ్ కప్పు ముందల పెట్టుకొని పోయినా తొణకదు అయ్యూబ్ అన్నడు. భుజం మీద చెయ్యేసిండు.”

“ఇగ చాలు!” హన్మాండ్లు ముందుకు వచ్చాడు. “చెయ్యేసిండట. కెప్టెన్ లేచి చెప్తడా ఏంది? నువ్వు తరాజులు పట్టెటోనివి తుకారాం. విమానాల ముచ్చట నీకెందుకు?”

“తరాజు ముచ్చటనే అడుగుతున్న హన్మాండ్లు సాబ్. ఇంకోటి అడుగలేదు.”

“నేను చెప్త విను. బోల్టుల తీగ చూసినవా? ఇటు రా.”

విరిగిన విమానాన్ని ఎడ్లబండ్ల సాయంతో లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. పడేముందు ఇంజన్ ఆగిపోయింది కనుక, ప్రొపెల్లర్ అడ్డంగా నిలిచిపోయింది. అందుకే నేలకు తగలలేదు. రెండు రెక్కలూ వంకర లేకుండా ఉన్నాయి. మధ్యన ఆరు బోల్టులు. అవి వదులు కాకుండా ఒకదానికొకటి కలిపి మెలిపెట్టిన సన్నటి తీగ. తీగ కొస మీద చిన్న సీసపు ముద్ర.

“గీ ముద్ర వీనిదే. వీని దగ్గర తప్ప ఇంకెవ్వని దగ్గర లేదు. తీగ తెగలేదు, ముద్ర చెదరలేదు. మంగళారం సంది దీన్ని విప్పినోడు లేడు. ఆఖరుగ ముట్టింది వీడే.”

తుకారాం భూతద్దం పెట్టి తీగను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు.

“నిజమే. విప్పలేదు,” అన్నాడు.

హన్మాండ్లు ఈ జవాబు వస్తుందనుకోలేదు.

“ఇప్పుడు మనం విప్పుదాం. మీరు సాక్షి. అయ్యూబ్‌తోని విప్పిద్దాం. బేడీలు తియ్యాలె.”

“నేను తియ్య.”

“అయితె మీరే విప్పుండ్రి. ఆరు బోల్టులు. ఒక్క గీత పడితె కోర్టుల నేనే చెప్త, ఇన్‌స్పెక్టర్ సాబ్ సబూతు పాడు చేసిండని.”

హన్మాండ్లు కాసేపు పళ్లు కొరికి, కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. బేడీలు ఊడాయి. అయ్యూబ్ మణికట్లు రుద్దుకుని, మాట్లాడకుండా పానా తీసుకున్నాడు.

పన్నెండింటికి ప్రొపెల్లర్ దిమ్మె మీదికి వచ్చింది. దిమ్మె అంటే పెద్ద యంత్రమేమీ కాదు. రెండు ఇనుప పట్టాలు. వాటి పై అంచులు కత్తిలా నునుపుగా, నీటిమట్టం పెట్టి సరిచూసినవి. ప్రొపెల్లర్ నడుమ బెజ్జంలో గుండ్రటి కడ్డీ దూర్చి, కడ్డీ రెండు కొసలనూ ఆ అంచుల మీద పెట్టాలి. రెక్కలు రెండూ సమానమైతే కదలదు. ఒకటి బరువైతే అది కిందికి దిగుతుంది.

“తలుపులు మూయుండ్రి. గాలి తగలొద్దు,” అన్నాడు అయ్యూబ్.

తలుపులు మూశారు. బయట హమీదా టిఫిన్ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం మీదే తలుపు పడింది.

అయ్యూబ్ రెక్కలను అడ్డంగా పెట్టి, వేళ్లు మెల్లగా వదిలాడు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తరువాత రెండో నెంబరు రెక్క దిగసాగింది. ఆగలేదు. నిదానంగా తిరిగి, కొన నేలకేసి చూస్తూ నిలిచింది.

అయ్యూబ్ కడ్డీని చేత్తో తడిమి చూశాడు. “గిట్లెట్లయితది? గిట్ల కాదు సాబ్. నేను పెట్టింది గిట్ల కాదు.”

“అయిపాయె!” హన్మాండ్లు చేతులు దులుపుకున్నాడు. “మీ వకాలత్ ఏమాయె తుకారాం సాబ్? విప్పినోడు లేడని నువ్వే అంటివి. పంకా బరువు తప్పుంది. ఇగ వీడు కాకపోతె ఎవ్వడు?”

తుకారాం సంచీలోంచి చెక్కపెట్టె తీశాడు. శాఖలో ఉన్నప్పటి అలవాటు, ఇత్తడి తూకపు రాళ్లు ఎప్పుడూ వెంట ఉంటాయి. రెక్కలను మళ్లీ అడ్డంగా నిలపమని చెప్పి, పైకి లేచిన ఒకటో నెంబరు రెక్క కొస మీద రెండు గ్రాముల రాయిని మందుపట్టీతో అంటించాడు. రెక్క తేలింది. అయిదు పెట్టాడు. ఇంకా తేలింది. ఏడు. పది.

పది గ్రాముల దగ్గర ప్రొపెల్లర్ నిలిచింది. నిలువుగా తిప్పి వదిలారు. అలాగే నిలిచింది.

“పది గ్రాములు,” అన్నాడు తుకారాం.

“పది గ్రాములకు విమానం పడ్తదా? పిల్లలకు చెప్పు.” హన్మాండ్లు నవ్వాడు.

అయ్యూబ్ జవాబిచ్చాడు. “ఆగి ఉన్నప్పుడు పది గ్రాములు సాబ్. నిమిషానికి రెండువేల నాలుగు వందల చుట్లు తిరిగినప్పుడు కాదు. అరవై కిలోల మనిషి గా రెక్క కొస పట్టుకొని గుంజినట్టుంటది. ఒక్కో చుట్టుకు ఒక్కోపారి. ఆయిల్ పైపు ఎంతసేపాగుతది?”

తుకారాం ఉక్కు స్కేలు తీసి, నడుమ బెజ్జం నుంచి ఒక్కో రెక్క కొస దాకా కొలిచాడు. రెండుసార్లు కొలిచాడు.

“హన్మాండ్లు సాబ్, మీరొకసారి కొలవండ్రి.”

ఇన్‌స్పెక్టర్ కొలిచాడు. ఒకటో రెక్క రెండో దానికంటే ఆరు మిల్లీమీటర్లు పొట్టిగా ఉంది.

“కొసను ఆకురాయితోని అరగదీసిండ్రు. అరగదీసి గుండ్రంగ చేసి, మీద పసుపు రంగేసిండ్రు,” అన్నాడు తుకారాం. “దీనికి బోల్టులు విప్పే పని లేదు. విమానానికి ఉండంగనే అరగంటల చెయ్యొచ్చు. మీ తీగ నిజమే చెప్పింది. మనం తప్పు ప్రశ్న అడిగినం.”

“చేసింది వీడే. మంగళారమే చేసిండు.”

“మంగళారం కాదు. విమానంల మందు ట్యాంకు చూసిండ్రా?”

“చూసిన. నిండుగుంది.”

“అంటె గురువారం నాడు ఒక్క చుక్క చల్లలేదు. ఇగ గీ రెక్కలు చూడుండ్రి.” తుకారాం భూతద్దం ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాడు. “తెల్లగ మందు మరకలున్నయి. తను చల్లిన మందులకెల్లి తనే మళ్ల పోయినప్పుడు పడ్డయి. గురువారం చల్లలేదు గనుక ఇవి బుధవారం పొద్దుటివి. రెండో రెక్క పసుపు కొస మీద మరకలున్నయా?”

“ఉన్నయి.”

“ఒకటో రెక్క కొస మీద?”

హన్మాండ్లు వంగి చాలాసేపు చూశాడు. ఆ పసుపు రంగు కొత్త పళ్లెంలా మెరుస్తోంది. మచ్చ లేదు. తుకారాం చాకు మొనతో ఆ రంగు అంచును కొద్దిగా లేపాడు. కింద తెల్లటి మరక కనిపించింది.

“మరక మీద రంగు పడ్డది. మరక బుధవారం పొద్దుటిది. అంటె రంగేసింది బుధవారం విమానం దిగినంక. అయ్యూబ్, బుధవారం విమానం ఎన్నిటికి దిగింది?”

“నాకెర్క లేదు సాబ్.”

“ఎందుకెర్క లేదు?”

అయ్యూబ్ ఇన్‌స్పెక్టర్ వైపు చూసి తల దించుకున్నాడు. “మందు చల్లెతందుకు ఏడున్నరకు లేచింది. అది గాలిల ఉండంగనే ఎనిమిదింబావుకు నన్ను జీపుల ఎక్కించుకపోయిండ్రు.”

“ఎవరు?”

కానిస్టేబుల్ గోడ వైపు తిరిగాడు.

తుకారాం నోటుబుక్కు మూశాడు. “హమీదా పొద్దుగాలనే చెప్పింది. లింబాద్రి గుట్ట జాతర బందోబస్తుకు భీమ్‌గల్ పోయిండ్రు మీరు. జీపు సతాయిస్తుందని మెకానిక్‌ను వెంట తీసుకపోయిండ్రు. బుధవారం ఎనిమిదింబావు సంది గురువారం పొద్దున పదింటి దాక అయ్యూబ్ మీ పక్కన్నే ఉన్నడు. మీ జీపులనే తిరిగొచ్చిండు. వచ్చినంక అరెస్టు చేసిండ్రు. కోర్టుల అయ్యూబ్ తరఫున మొదటి సాక్షి మీరే అయితరు హన్మాండ్లు సాబ్.”

ఇన్‌స్పెక్టర్ భూతద్దాన్ని బల్ల మీద పెట్టాడు, విసరలేదు. చాలా రోజుల తరువాత ఆయన ఆలోచిస్తున్నట్టు కనిపించాడు.

“కొమురయ్యను పిలువు,” అన్నాడు కానిస్టేబుల్‌తో. తరువాత, తుకారాం వైపు చూడకుండా, “కెప్టెన్ సంగతి కనుక్కోవాలె. ఆఫీసు గదిలకెల్లి నిజామాబాద్‌కు ట్రంక్ కాల్ బుక్ చెయ్యి. అర్జెంటని చెప్పు.”

అప్పుడు టైము పన్నెండూ యాభై.

కొమురయ్య అరవై ఏళ్ల మనిషి. రుమాలు తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. తుకారాం అతనికి స్టూలు చూపించాడు. కూర్చోలేదు.

“బుధవారం విమానం దిగినంక ఏమైంది పెద్దమనిషీ?”

“తొమ్మిది దాటినంక దిగింది. కెప్టెన్ సాబు, మేనేజర్ సాబు ఆఫీసుల కూసొని మాట్లాడిండ్రు. కెప్టెన్ సాబు జోరుగ మాట్లాడిండు. గది ఇంగ్లీషు. నాకు తెల్వది.”

“తర్వాత?”

“కెప్టెన్ సాబు బసకు పోయిండు. మూడింటికి మేనేజర్ సాబు నన్ను బోధన్‌కు పంపిండు, టపా ఏసి రమ్మని. షెడ్డు తాళంచెయ్యి ఇచ్చి పొమ్మన్నడు. ఏండ్లకేండ్లు కావలున్న, ఏనాడు తాళంచెయ్యి అడగలే.”

“ఎన్నిటికి తిరిగొచ్చినవ్?”

“ఆరయింది. సాబు బోరింగు కాడ చేతులు కడుగుతుండు. దీపాల గాసునూనె ఏసి రుద్దుతుండు. గోర్లల్ల పసుపు పోలే. ఏంది సాబ్ అన్న. బోర్డుకు రంగేసిన అన్నడు.”

“ఏ బోర్డుకు?”

కొమురయ్య షెడ్డంతా కలయజూశాడు. “గదే సూస్తున్న. ఒక్క బోర్డుకు సుత పసుపు లేదు.”

“గిది నిన్న నాకెందుకు చెప్పలే?” హన్మాండ్లు గద్దించాడు.

“మీరడగలే సాబ్. అయ్యూబు కెప్టెన్ సాబుతోని కొట్లాడిండా అని అడిగిండ్రు. తిట్లు పడ్డడని చెప్పిన. గంతే అడిగిండ్రు.”

తుకారాం చెయ్యెత్తి ఇన్‌స్పెక్టర్‌ను ఆపాడు. “గురువారం పొద్దున విమానం లేచేముందు నువ్వు ఇక్కడనే ఉన్నవా?”

“ఉన్న. చక్రాలకడ్డం పెట్టిన దిమ్మలు తీసింది నేనే. ఇంజను సురువైనంక కెప్టెన్ సాబు సెయ్యి ఊపి మేనేజర్ సాబును పిలిసిండు. మళ్ల అదురుతుందన్నడు. గది తెలుగులనే అన్నడు, నాకు సుత ఇనబడాలెనని. అయ్యూబును పిలుసుకరా అన్నడు. అయ్యూబు లేడు గద. మేనేజర్ సాబు ఏమన్నడంటె, కొత్తగ సరిజేసిండ్రు, పంకా జర కుదురుకోవాలె, పైకి పోయినంక అయిదు నిమిషాలల్ల సర్దుకుంటదన్నడు.”

“సర్దుకోదు!” అయ్యూబ్ ఒక్కసారిగా లేచాడు. “పంకా అదురుడు తనంతల తాను సర్దుకోదు. పైకి పోయినకొద్ది ఎక్కువైతది. ఏడేండ్ల సంది విమానాల కంపెనీ నడిపేటోనికి గది తెల్వదా సాబ్? తెలిసి పంపిండు. కెప్టెన్ సాబు నా మీద నమ్మకంతోని పోయిండు. అయ్యూబు చేసిండు గద, సర్దుకుంటదేమోనని పోయిండు.”

అతనికి అరెస్టయినప్పుడు కూడా రాని కన్నీళ్లు ఇప్పుడు వచ్చాయి. కానిస్టేబుల్ బేడీలు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. హన్మాండ్లు కళ్లతోనే వద్దన్నాడు.

“తలుపు తెరువు. వాని పెండ్లాం బయట నిలబడ్డది. బువ్వ తిననియ్యి,” అన్నాడు. తరువాత తుకారాంను పక్కకు తీసుకుపోయాడు. “సరే. రామ్‌దాస్ చేసిండనుకుందాం. ఎందుకు చేస్తడు? విమానం పోతే కంపెనీ పోతది. వాని నౌకరి పోతది. కెప్టెన్‌తోని వానికేం దుష్మనీ? నాకు కారణం కావాలె. కారణం లేకుంట మేనేజర్ మీద చెయ్యెయ్య.”

“కారణం బుధవారం పొద్దున తొమ్మిదింటికి పుట్టింది. విమానం దిగినంక కెప్టెన్ జోరుగ మాట్లాడిండని కొమురయ్య చెప్పె గద. అంతకుముందు రామ్‌దాస్ తాళంచెయ్యి అడగలే. ఆ మాట్లాడిందేందో తెలియాలె. చెప్పెటోళ్లు ఇద్దరే. ఒకడు రామ్‌దాస్. ఎక్కడున్నడు?”

“నిన్న పొద్దున సంది నిజామాబాద్‌లనే ఉన్నడు. కెప్టెన్ మంచం ఇడిసిపెడుతలేడట. మంచి మనిషని నేనే రిపోర్టుల రాసిన.”

తుకారాం ఆయన ముఖంలోకి చూశాడు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. అదే క్షణంలో ఆఫీసు గదిలో టెలిఫోన్ మోగింది.

ఒంటిగంటా ముప్పై అయిదు.

తుకారాం పరుగున పోయి రిసీవర్ ఎత్తాడు. హన్మాండ్లు ఆయన భుజం దగ్గర చెవి పెట్టాడు. లైన్లో గరగర. దాని వెనక ఒక ఆడ గొంతు.

“నేను నర్సు తారాబాయిని. ఎవరు మాట్లాడేది?”

“పోలీసుల తరఫున మాట్లాడుతున్నమమ్మా. కెప్టెన్ దీన్‌షాకు ఎట్లున్నది?”

“పన్నెండున్నరకు తెలివొచ్చింది సార్. నీళ్లడిగిండు. నేనే తాగిపించిన.”

హన్మాండ్లు గట్టిగా ఊపిరి వదిలాడు. తుకారాం వదల్లేదు. “ఏమన్న మాట్లాడిండా?”

“మాట్లాడిండు సార్. రాసుకో అన్నడు. చార్టు వెనక రాసిన. చదువుమంటరా?”

“చదువమ్మా.”

కాగితం తిప్పిన చప్పుడు. “బోధన్ అవతల మంజీర ఒడ్డున చెరుకు తోట నడుమ పొగ లేస్తుంది. బట్టీలున్నయి, వందకు మించి డ్రమ్ములున్నయి. సారాయి కాస్తుండ్రు. పైకెల్లి కనబడ్డది. డ్రమ్ములు మోసేది మా కంపెనీ వ్యానే. బుధవారం దిగంగనే రామ్‌దాస్‌ను అడిగిన. పోలీసులకు చెప్త అన్న. గింతే సార్. గింత చెప్పి అలిసిపోయి కండ్లు మూసిండు.”

“ఆయన చెప్పేటప్పుడు గదిల ఇంకెవరున్నరు?”

“ఎవరు లేరు సార్. నేను తిరిగి చూసేవరకు మేనేజర్ సార్ తలుపుల నిలబడి ఉండె. ఎంతసేపటి సంది ఉన్నడో తెల్వదు.”

“తారాబాయమ్మా, ఇప్పుడు నేను చెప్పేది మంచిగ విను. ఇద్దరు వార్డుబాయిలను తీసుకొని కెప్టెన్ గదిలకు పో. మేము వచ్చేదాక మేనేజర్‌ను లోపటికి రానియ్యొద్దు.”

లైన్లో గరగర.

“తారాబాయమ్మా, వినబడుతుందా?”

“గది ఖాళీగుంది సార్.” ఆమె గొంతు సన్నబడింది. “హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్‌కు చూపిస్తనని మేనేజర్ సార్ సంతకం పెట్టిండు. ఒంటిగంటకు కంపెనీ వ్యానుల పండబెట్టుకొని తీసుకపోయిండు. నేను తోడొస్తనన్న, వద్దన్నడు. సెలైన్ సీసా సుత తనే పీకేసిండు. నాకు మనసొప్పక గేటు దాక పోయి చూసిన సార్. వ్యాను హైదరాబాద్ తొవ్వ పట్టలే. బోధన్ దిక్కు మర్రింది.”